రెండు వారాల పార్సిలు

రామచంద్రపురం,
ఆగస్టు 18.

పూజ్యులైన మావయ్య గారికి, మీ మేనకోడలు సత్యప్రియ నమస్కారాలు.

ఈ ఉత్తరం తెచ్చిన వ్యాన్‌లోంచి ఇప్పుడు దిగబోయేదే నేను ఫోన్లో చెప్పిన కుక్క. మా ఆశ్రయంలో నలభై కుక్కల మధ్య నిలబడి మాట్లాడితే మీకు మొరుగుడు తప్ప ఏమీ వినిపించి ఉండదు. అందుకే మీకు నచ్చే పద్ధతిలో ఉత్తరం రాస్తున్నాను. మీరు పోస్టుమాస్టరుగా రిటైరయ్యాక మన చుట్టాల్లో ఎవరూ ఉత్తరాలు రాయడం లేదని ఎలాగూ అలిగి ఉన్నారు కదా.

మొన్నటి వరదకి ఇది కపిలేశ్వరపురం దగ్గర గోదావరి లంకలో ఒక పాక మీద చిక్కుకుంటే పడవవాళ్లు తెచ్చి ఇచ్చారు. పెద్దజాతి పిల్ల అని ఎవరో ముచ్చటపడి తెచ్చుకుని, అది నిజంగానే పెద్దదయ్యేసరికి వదిలేసినట్టున్నారు. ఏడాది నిండింది, ముప్పై ఎనిమిది కిలోలు. బుద్ధి మాత్రం మూడు నెలల పిల్లదే. కూర్చోమంటే కూర్చోదు, ఆగమంటే ఆగదు, మనుషుల మీదికి ఎగరకూడదని దానికి చెప్పినవాళ్లు లేరు.

రెండు వారాలు ఉంచుకుంటే చాలు. ఈలోగా పెంచుకునేవాళ్లని వెతుకుతాను. వరద పుణ్యమా అని ఇక్కడ ఒక్కో గూట్లో రెండేసి కుక్కలున్నాయి, దీన్ని పెట్టిన గూట్లో అది వెనక్కి తిరగడానికి కూడా చోటు లేదు. ఎవరూ తీసుకోకపోతే మళ్లీ ఆ గూటికే రావాలి. ఆ మాట తలుచుకుంటేనే నాకు దిగులుగా ఉంది.

రెండే షరతులు. తీపి పెట్టకండి. పేరు కూడా పెట్టకండి, పెంచుకునేవాళ్లు పెట్టుకుంటారు. అత్తయ్య గారికి కుక్కలంటే పడదని తెలుసు, ఆవిడకి నా తరఫున మీరే ఏదో ఒకటి సర్దిచెప్పాలి.

సత్యప్రియ


పి.గన్నవరం,
ఆగస్టు 25.

చిరంజీవి సత్యప్రియకు, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పార్సిలు అందింది. మా డిపార్టుమెంటులో పార్సిలు అందగానే అది దెబ్బతిన్నదా లేదా అని చూసి రాసుకోవాలి. పార్సిలు దెబ్బతినలేదు. అందుకున్నవాళ్లు దెబ్బతిన్నారు.

మీ డ్రైవరు హరిబాబు తలుపు తీసి "జాగర్తండీ" అన్నాడు. ఆ మాట నాకు వినిపించేసరికి నేను మందార చెట్టులో ఉన్నాను. అది నా మీదుగా ఇంట్లోకి వెళ్లి, పెరట్లోకి వెళ్లి, మీ అత్తయ్య చాప మీద ఎండబెట్టిన వడియాల మీదుగా అవతలికి ఒకసారి, ఇవతలికి ఒకసారి నడిచి, బక్కెట్టు నీళ్లు తాగి, చివరికి నా పడక్కుర్చీలో పడుకుంది. రిటైరైన తొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలో నేను తప్ప ఎవరూ కూర్చోలేదు. ప్రస్తుతం స్టూలు మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముప్పై ఆరేళ్ల సర్వీసులో నా పోస్టుమేన్లని కరిచిన కుక్కల మీద పై ఆఫీసుకి ఎన్ని ఫిర్యాదులు రాశానో నీకు తెలుసు. అలాంటివాడి ఇంటికి నువ్వు కుక్కని పంపావు. సరే, మేనకోడలివి కాబట్టి ఊరుకుంటున్నాను.

నిన్న దాన్ని నడిపించి తీసుకొద్దామని గొలుసు పట్టుకున్నాను. నాకు కాలువ గట్టు మీద అక్విడక్టు వంతెన దాకా వెళ్లే పనేమీ లేదు, అయినా వెళ్లాను. దారిలో ఎంతో మర్యాదగా అందరూ పలకరించేవాళ్లే. "ఏవండీ పోస్టుమేస్టారూ, ఎక్కడికండీ అంత అర్జెంటుగా?" అని ఒకరు. "ఎవర్ని ఎవరు తీసుకెళ్తన్నారండీ?" అని ఇంకొకరు. జవాబు చెప్పడానికి ఆగే పరిస్థితి కాదు నాది.

వంటింటి గడప తొక్కితే తనో అదో తేల్చుకోవాలని మీ అత్తయ్య చెప్పేసింది. కుక్కకి అన్నం పెట్టడం తన వల్ల కాదంది. ఇంటికొచ్చినవాళ్లని పస్తు ఉంచడం మన ఇంటా వంటా లేదని కూడా అంది. రెండు మాటలూ అన్నది గరిటె చేత్తో పట్టుకునే.

షరతు ప్రకారం పేరు పెట్టలేదు. పార్సిలు అంటున్నాను. అది పేరు కాదు, వస్తువు వివరం. సెప్టెంబరు ఒకటికి రెండు వారాలు పూర్తవుతాయని గుర్తు చేస్తున్నాను.

శ్రీరామచంద్రమూర్తి


రామచంద్రపురం,
సెప్టెంబరు 3.

పూజ్యులైన మావయ్య గారికి,

వడియాల విషయంలో అత్తయ్య గారికి నా క్షమాపణలు. గడువు దాటిందని తెలుసు, ఇంకో పది రోజులు ఓపిక పట్టండి.

అది మీదికి ఎగిరినప్పుడు తిట్టకండి, తోయకండి. తిట్టడం కూడా దానికి ఆటే. వీపు తిప్పి నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టగానే ఉడికించిన గుడ్డు ముక్క ఒకటి ఇచ్చి మెచ్చుకోండి. మెచ్చుకోవడం మీకు అలవాటు లేదని అమ్మ అంటుంది. నేర్చుకోవడానికి ఇదే సమయం.

శుభవార్త ఏమిటంటే, ఒక సంబంధం వచ్చింది. ఇక్కడి ధాన్యం వ్యాపారి గోపీకృష్ణ గారు. పెద్ద గొడౌను, చుట్టూ ప్రహరీ. ఆదివారం మీ ఇంటికి వచ్చి చూస్తారు. దత్తత ఫారం ఒకటి జత చేశాను, ఆయనకి చదివి వినిపించండి. ఫారాలు మీకంటే బాగా చదివేవాళ్లు మన జిల్లాలో లేరు.

సత్యప్రియ


పి.గన్నవరం,
సెప్టెంబరు 14.

చిరంజీవి సత్యప్రియకు ఆశీస్సులు.

పెళ్లిచూపులు జరిగాయి. మీ అత్తయ్య వచ్చేవాళ్ల కోసం ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించింది. గోపీకృష్ణ గారు కాళ్లు కడుక్కుని వచ్చేలోపు పార్సిలు ఆ పెట్టెని మూతతో, దారంతో సహా తినేసింది. తీపి పెట్టవద్దన్న నీ షరతుని మేము ఉల్లంఘించలేదు, అదే ఉల్లంఘించింది.

పాపం ఆయన నవ్వి ఊరుకున్నారు. దాన్ని చుట్టూ తిరిగి చూసి, "బస్తాల దగ్గర కాపలాకి బావుంటుందండి" అన్నారు. రోజంతా కట్టేసి ఉంచుతారా అని నేను అడగలేదు. మీ అత్తయ్య అడిగింది. "ఆయ్, మరి గొడౌను కదండీ, కట్టెయ్యకపోతే ఎలాగండీ" అన్నారాయన. మీ అత్తయ్య ఇంకేమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. అంగీకారమే అనుకుంటున్నాను.

ఇక శిక్షణ సంగతి. కూర్చోమంటే కూర్చుంటోంది, నా ఒళ్లో. మొన్న కొబ్బరి దింపుకి అమ్మిరాజు వచ్చాడు. అతను ఎక్కగానే పార్సిలు చెట్టు మొదట్లో కూర్చుని పైకి చూస్తూ తోక ఊపడం మొదలుపెట్టింది. అతను గెల కోసి దిగబోతే ఇది ఆనందం పట్టలేక ఎగిరింది. అతను మళ్లీ పైకి వెళ్లిపోయాడు. చెట్టు మీంచే నాకు ఫోన్ చేసి, "అయ్యగారూ, నేను దిగాలంటే మీరు ఇంట్లోంచి బయటికి రావాలండి" అన్నాడు. నేను వెళ్లి దాన్ని పట్టుకునేదాకా గంటన్నర ఉన్నాడు పైన. దిగాక చూస్తే రాలిన కాయలన్నీ ఒక్కొక్కటీ నోట కరుచుకొచ్చి ఇది అరుగు దగ్గర కుప్ప పోసి ఉంచింది. మనిషిని పెట్టి ఏరించినా అంత శుభ్రంగా ఏరరు. ఆరు కాయలు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

ఫారం చదివాను. అరవై అయిదేళ్లు దాటినవారికి దత్తత ఇవ్వరాదని నాలుగో నియమంలో ఉంది. మంచి నియమం. ఎవరు రాశారో గాని ముందుచూపు ఉన్నవాళ్లు.

శ్రీరామచంద్రమూర్తి


రామచంద్రపురం,
సెప్టెంబరు 28.

పూజ్యులైన మావయ్య గారికి,

గోపీకృష్ణ గారు వద్దన్నారు. కారణం చెప్పడానికి మొహమాటపడ్డారు, నేనూ రెట్టించలేదు.

ఇంకో సంబంధం ఉంది. రాజోలులో కాలేజీ లెక్చరరు హారిక గారు. ఆవిడ భర్త సూర్యప్రకాష్ గారిది కువైట్‌లో ఉద్యోగం. ఇల్లు పెద్దది, పెరడు పెద్దది, చిన్నప్పటి నుంచి కుక్కల మధ్య పెరిగిన మనిషి. గొలుసు అన్న మాటే ఆవిడకి గిట్టదు. దసరా వెళ్లాక ఆదివారం వస్తారు. అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోక తప్పదు. రెండు వారాలని చెప్పి నెలలు చేస్తున్నందుకు సిగ్గుగా ఉంది.

అత్తయ్య గారు కులాసాగా ఉన్నారా? ఈసారి ఆవిడ గురించి కాస్త వివరంగా రాయండి.

సత్యప్రియ


పి.గన్నవరం,
అక్టోబరు 17.

చిరంజీవి సత్యప్రియకు ఆశీస్సులు.

హారిక గారు వచ్చి వెళ్లారు. ఆవిడ గుమ్మంలోకి రాగానే పార్సిలు ఎగరబోయింది. ఆవిడ వీపు తిప్పి నిలబడ్డారు. అది ఆగి, ఆలోచించి, కూర్చుంది. నేను రెండు నెలలుగా బతిమాలుతున్న పని ఆవిడ నిమిషంలో చేయించారు. వెళ్లేటప్పుడు గేటు దాకా వెంట వెళ్లి సాగనంపింది కూడా. అన్ని విధాలా యోగ్యురాలు. ఒక్క వంక కూడా దొరకలేదు.

నవంబరు 10 ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నారు.

మీ అత్తయ్య గురించి అడిగావు. పీడ విరగడవుతోందని ఆవిడకి సంతోషం. ఆ సంతోషంలోనే కాబోలు నాలుగు రోజులుగా కూరలో ఉప్పు మర్చిపోతోంది. నేనూ ఏమీ అనడం లేదు. తినబుద్ధి కూడా కావడం లేదు, వాతావరణం మారింది కదా.

ఇంతకంటే విశేషాలు లేవు.

శ్రీరామచంద్రమూర్తి


రామచంద్రపురం,
నవంబరు 1.

పూజ్యులైన మావయ్య గారికి,

ఒక చిత్రం జరిగింది. హారిక గారికి ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. పెళ్లి సంబంధాలు చెడగొట్టడానికి రాస్తారని విన్నాను గాని, కుక్క సంబంధానికి రాయడం ఇదే మొదలు. ఆవిడ దాన్ని నాకు పంపారు. కింద రాసి పెడుతున్నాను:

"అమ్మా, మీ మేలు కోరి ఆ కుక్క దుర్గుణాలు తెలియజేస్తున్నాను. అది ఉదయం అయిదింటికే మంచం దగ్గరికి వచ్చి మన మొహంలో మొహం పెట్టి చూస్తుంది. లేచి రెండు మాటలు మాట్లాడకపోతే బెంగపెట్టుకుంటుంది. ఉరిమితే మంచం కింద దూరాలని చూస్తుంది, పట్టదు. అప్పుడు వాన వెలిసేదాకా దాని వీపు మీద చెయ్యి వేసి నేల మీద కూర్చోవాలి. ఎడమ చెవి వెనక గోకితే గాని అన్నం ముట్టదు. పెట్టిన దాంట్లో కొంత దాచుకుంటుంది, వరదలో ఆకలి చూసిన ప్రాణి కాబట్టి ఆ విషయంలో కోప్పడడానికి వీల్లేదు. ఉద్యోగం చేసుకునే మీకు ఇవన్నీ కష్టం. ఆలోచించుకోండి. ఇట్లు, మీ శ్రేయోభిలాషి."

ఎవరు రాసి ఉంటారంటారు? ఉత్తరాల సంగతి మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. విచారించి రాయండి.

సత్యప్రియ


పి.గన్నవరం,
నవంబరు 4.

చిరంజీవి సత్యప్రియకు,

నీ ఉత్తరం అందగానే విచారణ మొదలుపెట్టాను. మొదట అమ్మిరాజు మీద అనుమానం కలిగింది, చెట్టు మీద కూర్చున్న కోపం ఉంటుంది కదా అని. కానీ ఎడమ చెవి సంగతి అతనికి తెలియదు. ఆ తర్వాత ఎదురింటివాళ్ల గురించి ఆలోచించాను.

ఇక్కడిదాకా రాసి కలం మూసేశాను. మళ్లీ తీశాను. విచారణ అయిపోయింది తల్లీ. రాసింది నేనే.

ముప్పై ఆరేళ్లలో అలాంటి ఉత్తరాలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో. వాటివల్ల ఆగిపోయిన పెళ్లిళ్లు నాకు తెలుసు. అవి రాసేవాళ్లంటే నాకు పరమ అసహ్యం. అలాంటిది ఈ వయసులో తలుపు వేసుకుని, ఎడమ చేత్తో రాశాను. హారిక గారి లాంటి మనిషికి రాశాను. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను.

నాకు అరవై తొమ్మిది. నాలుగో నియమం ప్రకారం నాకు ఇవ్వకూడదు. మేనమామని కదా అని నియమం సడలించమని నిన్ను అడగడం నాకు చేతకాదు. నువ్వు ఆ ఆశ్రయాన్ని ఎంత కష్టపడి నిలబెట్టావో నాకు తెలుసు. పైగా ఆ నియమం తప్పు కాదు. దానికి ఇంకా పదేళ్ల పైమాటే ఆయుష్షుంది. రేపు నేను పోతే, అది గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే దానికి ఎవరు చెప్తారు? ఇదంతా తెలిసి కూడా, అది వెళ్లిపోతుందంటే ఓర్చుకోలేకపోయాను. ఎవరూ తీసుకోకపోతే నీ రెండు వారాలు అలా సాగుతూనే ఉంటాయి కదా అనుకున్నాను.

హారిక గారికి నా క్షమాపణ అందజెయ్యి. పదో తారీఖుకి దాన్ని స్నానం చేయించి సిద్ధంగా ఉంచుతాను. మీ అత్తయ్యకి మాత్రం ఈ విషయం తెలియనివ్వకు. అది ఎప్పుడు వెళ్తుందా అని ఎదురుచూస్తున్న మనిషి, నవ్వుతుంది.

మావయ్య


రామచంద్రపురం,
నవంబరు 7.

పూజ్యులైన మావయ్య గారికి, సత్యప్రియ నమస్కారాలు.

మీరు ఒప్పుకుంటారో లేదో చూద్దామని విచారించమన్నాను. దోషి ఎవరో నాకు ఆ కవరు చూడగానే తెలిసిపోయింది. కవరు వెనక, ఎడమవైపు, పంపినవారి చిరునామా ఉంది. మీ పేరు, ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్‌తో సహా. కవరు మీద పంపినవారి చిరునామా లేకపోతే కౌంటరు దగ్గరి నుంచి మనుషుల్ని వెనక్కి పంపేవారు కదా మీరు. చేతికి పడిన అలవాటు ఆకాశరామన్నని కూడా వదల్లేదు. ఎడమ చేత్తో రాసినా అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి.

హారిక గారు కవరు చూసి ఒకసారి, ఉత్తరం చదివి ఇంకోసారి నవ్వారట. "ఇంత ప్రేమగా చాడీలు చెప్పేవాళ్ల ఇంట్లోంచి దాన్ని తీసుకెళ్తే నాకు పాపం చుట్టుకుంటుందండి" అన్నారు. నిన్న మా ఆశ్రయానికి వచ్చి, ఒక గూట్లో ఉన్న మూడుకాళ్ల ఆడకుక్కని తీసుకెళ్లారు. పదో తారీఖున మీ ఇంటికి ఎవరూ రారు.

ఇప్పుడు రెండో విషయం. సెప్టెంబరులో గోపీకృష్ణ గారు ఎందుకు వద్దన్నారో మీకు రాయలేదు. ఆయనకీ ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. క్యాలెండరు కాగితం వెనక రాసింది. చిరునామా లేదు. అందులో ఇలా ఉంది:

"గోపీకృష్ణ గారికి నమస్కారాలు. మీరంతా కులాసా అని తలుస్తాను. నేనెవరో మీకు అనవసరమండి. ఆ కుక్క మంచిది కాదండి. గొడౌనులో కట్టేస్తే గోల చేస్తుందండి. అసలు దాన్ని కట్టెయ్యకూడదండి. పెరుగన్నం తప్ప తినదండి, అందులో నెయ్యి కూడా వెయ్యాలండి. ఇంత చాకిరీ మీ ఇంట్లో ఆడవాళ్లు చెయ్యలేరండి. మొన్న పూతరేకులు మీకు పెట్టలేకపోయాం, ఏమీ అనుకోకండి. ఈసారి ఇటు వచ్చినప్పుడు తప్పకుండా మా ఇంట్లో భోజనం చేసి వెళ్లాలండి."

తన ఊరూ పేరూ దాచిపెట్టి భోజనానికి పిలిచేవాళ్లు నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. గోపీకృష్ణ గారు మర్యాదస్తులు కాబట్టి నోరు విప్పలేదు. రెండు ఉత్తరాలూ జత చేశాను. మీరిద్దరూ కూర్చుని చదువుకోండి.

ఇక నాలుగో నియమం. నియమాన్ని నేను సడలించను, మీరు అడిగినా సడలించేదాన్ని కాదు. కానీ అత్తయ్య గారికి అరవై మూడు. ఆవిడ పేరు మీద తీసుకోవచ్చని, జీవితమంతా నియమాలు చదివిన మీకు తట్టలేదా? తన ఇంట్లో మనిషి వయసు గుర్తులేని పోస్టుమాస్టరుని మిమ్మల్నే చూస్తున్నాను.

మీరు భయపడిన విషయానికి కూడా జవాబు చెప్తాను. ఆ రోజు వస్తే అది గుమ్మం వైపు చూస్తూ కూర్చోదు. నా దగ్గరికి వస్తుంది. మీరు దాని గురించి నాకు రాసిందంతా నేను దానికి చెప్తాను. ఫారంలో హామీదారు అని ఉన్నచోట నా సంతకం పెట్టే పంపుతున్నాను.

సత్యప్రియ


పి.గన్నవరం,
నవంబరు 11.

చిరంజీవి ప్రియకు అత్తయ్య ఆశీస్సులు.

నేను ఉత్తరం రాసి ఎన్నాళ్లైందో. గోపీకృష్ణ గారికి రాసింది తప్పిస్తే, మా పెళ్లికి ముందు రాసినవే. తప్పులుంటే సరిదిద్దుకుని చదువుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ మావయ్య దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఎక్కడి నుంచండీ?" అంటే "ప్రియ. ఊరికే" అన్నారు. ఆ మొహం చూస్తే ఊరికేలా లేదు. కాసేపటికి ఆయనే వచ్చి రెండు కాగితాలూ నా ముందు పెట్టారు. ఆయన రాసింది నేను చదివాను, నేను రాసింది ఆయన చదివారు. "కట్టెయ్యకూడదండి" అన్నచోట ఆగిపోయారు.

"నీకు అదంటే గిట్టదనుకున్నానే" అన్నారు.

"మీరు రోజులు లెక్కపెడతన్నారని నేననుకున్నానండీ" అన్నాను.

ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, ఒకరికి తెలియకుండా ఒకరం దానికి రెండుసార్లు అన్నం పెట్టాం ఇన్నాళ్లూ. అందుకే అంత బలిసింది. మీ మావయ్య ముందు నవ్వారు. ఆ తర్వాత నీ ఉత్తరం చివర్లో నువ్వు రాసిన మాట మళ్లీ చదువుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మా అత్తగారు పోయినప్పుడు తప్ప ఆయన కంట నీరు నేను చూడలేదమ్మా. నువ్వు ఆ మాట రాసి మా ఇద్దరికీ చాలా ధైర్యం ఇచ్చావు.

ఫారంలో దత్తత తీసుకునేవారు అన్నచోట నా పేరు నేనే రాశాను. ఏ కాగితం మీదైనా ఇన్నేళ్లూ ఆయన సంతకం పైన, నాది కింద. ఈసారి ఇంట్లో మిగతావారి అంగీకారం అని కింద ఉన్నచోట ఆయన పెట్టారు. పెట్టేముందు మొత్తం నాలుగుసార్లు చదివి, "ఇక దాని విషయంలో నేనేం చెయ్యాలన్నా నిన్నడగాలే" అన్నారు. "ఆయ్, అడగాలండీ మరి" అన్నాను.

వంటింటి గడప సంగతి నువ్వు అడగకు, నేను చెప్పను.

ఈ ఉత్తరం ఆయనే రాయాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన అరుగు మీద చాప వేసుకుని నడుం వాల్చారు. అది వచ్చి ఆయన కాళ్ల మీద పడుకుని నిద్రపోయింది. కాళ్లు తిమ్మిరెక్కి లేవలేక కలం నాకిచ్చారు. లేపుతానంటే వద్దంటున్నారు. ఇంటి ముందు నుంచి ఎవరు వెళ్లినా, "చిన్నగా మాట్లాడండీ, పడుకుంది" అని చేత్తో సైగ చేస్తున్నారు. అది లేచాక ఇద్దరూ వెళ్లి ఫారం పోస్టు చేసి వస్తారట. నాలుగు దాటింది, ఈరోజుకి లేచేలా లేదు.

మీ అత్తయ్య,
పార్వతి